ఏటి అవతలి మొగుడు

ఏప్రిల్ చివర, కిందటేటి పన్ను కాగితాలు పోస్టులో వేసిన మర్నాటి ఉదయం, వెర్లిన్ హూక్‌స్ట్రా టోస్టుకు వెన్న రాస్తూ భార్యకు తన పథకం వినిపించాడు.

"మన అయోవా రాష్ట్రం నా పెన్షన్ మీద పన్ను గుంజుతోందా? ఏరు దాటితే సౌత్ డకోటా. అక్కడ రాష్ట్రానికి దమ్మిడీ కట్టక్కర్లేదు. మన చక్రాల ఇల్లు ఉందిగా, ఆ ట్రైలర్ తీసుకుని నేనొక్కణ్ణే పోయి ఉంటా. ఆదివారాలు చుట్టపుచూపుగా వస్తా."

"వెళ్లేటప్పుడు ఆ చెత్తడబ్బా బయట పెట్టు" అంది ఆర్డిస్.

ట్రైలర్ వంతెన దాటడం వీధంతా చూసింది. ఆ ఊళ్లో మనిషి పోయినా, మొగుడు వదిలిపోయినా చర్చి ఆడవాళ్లు ఒకటే చేస్తారు: చికెన్, నూడుల్స్ కలిపి ఓవెన్లో కాల్చిన గిన్నె తెచ్చిస్తారు. వారంలో తొమ్మిది గిన్నెలు చేరాయి.

"పన్ను కోసం వెళ్లాడండీ" అని ఆర్డిస్ మొత్తుకుంది.

"అలాగేనమ్మా. అలాగే అనుకో" అని వాళ్లు ఆమె చెయ్యి నిమిరారు.

పక్కింటి డెల్మర్, భార్య పోయినవాడు, అడక్కుండానే వచ్చి ఇంటి ముందు గడ్డి కోయడం మొదలుపెట్టాడు. పాస్టర్ వంతెన దాటి ట్రైలర్ తలుపు తట్టాడు.

"ఆవిడ పేరేంటి, వెర్లిన్?"

"ఏ ఆవిడ?"

"నా దగ్గర దాపరికమెందుకయ్యా!"

ట్రైలర్లో ఒక కప్పు, ఒక చెంచా. వాటిని కడగడానికి నిమిషం పట్టేది. మిగతా రోజు వెర్లిన్‌కు తనతో తానే గడపాల్సి వచ్చేది. ఆ మనిషితో అతనికి అట్టే పరిచయం లేదు.

ఆదివారం లైలాక్ పూలతో వచ్చి, చుట్టం కనుక ముందు తలుపు గంట కొట్టాడు. లోపల అడుగుల చప్పుడు. 1971లో ఆమెను చూడటానికి వెళ్లి, వాళ్ల నాన్న ఇంటి గుమ్మం ముందు ఇలాగే నిలబడి, ఒక బూటు మీది బురదను రెండో కాలితో దాచుకున్నాడు. ఇప్పుడూ తెలియకుండానే టోపీ తీశాడు. తలుపు తీసిన ఆర్డిస్ పెదాలకు రంగు వేసుకుని ఉంది.

నాలుగో ఆదివారం వాళ్లను కలపడానికి పాస్టర్ కూడా వచ్చాడు. వెర్లిన్ కారణం చెప్పగానే పడిపడి నవ్వాడు.

"యాభై అయిదు దాటినవాళ్ల పెన్షన్ మీద ఆ పన్ను ఈ జనవరి నుంచే తీసేశారయ్యా! నువ్వు కట్టింది కిందటేడాదిది!"

వెర్లిన్ భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"నువ్వెళ్లిన రెండో వారంలోనే పెన్షనాఫీసు ఉత్తరం వచ్చింది."

"మరి చెప్పవేం? నేనక్కడ ఒక్కణ్ణే చస్తుంటే!"

ఆర్డిస్ పూలు కూజాలో సర్దుతూ అంది: "యాభై ఏళ్లుగా వెనక తలుపులోంచి బురద బూట్లతో వస్తున్నావు. ఇప్పుడు గంట కొడుతున్నావు."

ఆ సాయంత్రమే ట్రైలర్ తిరిగొచ్చింది. రాష్ట్రం పన్ను ఎత్తేసింది గానీ ఆర్డిస్ తన పన్ను ఎత్తెయ్యలేదు: ప్రతి ఆదివారం నాలుగింటికి, ముందు తలుపు దగ్గర, పూలతో.