నలభై ఒకటో నంబరు

ఆ రోజు కోడలు అనుకున్న పని చిన్నదే. ఆఫీసులో ఒక సంతకం పెట్టి, పదకొండుకల్లా ఇంటికొచ్చి, మూడేళ్ళుగా దగ్గుతున్న అత్తగారిని ఇంకో డాక్టరుకు చూపించాలి. అప్పటికే అయిదుగురు చేతులెత్తేశారు.

కోడలిది ఆరోగ్య సర్వేలో కాంట్రాక్టు ఉద్యోగం. రంగుల ఫ్యాక్టరీ వెనక వీధిలో నలభై ఇళ్ళు తిరిగి, ఎవరికి ఏ జబ్బుందో రాసుకుని, ఇంటికొకరి చేతికి రబ్బరు పట్టీ తొడిగింది. గాలిలోని రసాయనాలను ఆ పట్టీ వారం రోజులు పీల్చుకుంటుంది. నలభై ఒకటో పట్టీ ఎవరూ తొడుక్కోరు. అది మూతపెట్టిన డబ్బాలో ఊరికే ఉండాలి. దానికి ఏమీ అంటకపోతేనే మిగతా నలభైని నమ్ముతారు. పరీక్షించేవాళ్ళు పోల్చుకోకుండా దానికీ మనిషికిచ్చినట్టే నంబరిస్తారు. అది ఏ నంబరో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆఫీసు బీరువాకు తాళం పడి ఉండడంతో ఆ డబ్బాను ఇంట్లో అలమరాలో దాచింది.

తొమ్మిదింటికి సర్వే నడిపే డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"అందరికంటే నలభై ఒకటికి రసాయనం పది రెట్లు ఎక్కువొచ్చిందండీ. ఆ మనిషి ఎలా ఉన్నారు?"

ఖాళీ పట్టీ పాడైందంటే వీధంతా తిరిగి పడ్డ శ్రమ చెత్తబుట్టలోకే, దాని వెనకే తన ఉద్యోగం.

"కొంచెం దగ్గుందండీ," అనేసింది కోడలు.

"వెంటనే తీసుకురండి."

ఇప్పుడు ఆ నంబరుకు ఒక మనిషి కావాలి. ఇంట్లో దగ్గే మనిషి ఒక్కరే.

"అత్తయ్యా, అడిగితే ఫ్యాక్టరీ వెనక వీధని చెప్పండి. అక్కడివాళ్ళని ముందు చూస్తారట."

"సరేలే," అంది అత్తగారు. క్యూ తప్పుతుందంటే ఆవిడ ఏ వీధికైనా మారిపోతుంది.

తీరా ఆఫీసుకు వెళితే డాక్టరమ్మ పక్కన అక్కడి పెద్ద అధికారి, ఆయన ఎదురుగా ముఖం పాలిపోయిన ఫ్యాక్టరీ మేనేజరు. బల్ల మీద ఫ్యాక్టరీ మూసివేత ఉత్తర్వు, సంతకం ఒక్కటే తక్కువ. లేని మనిషి కోసం అంతా సిద్ధమైపోయింది.

"ఇంట్లో ఘాటైన వాసనవేమైనా వాడతారామ్మా?" డాక్టరమ్మ అడిగింది.

"మా ఇంట్లో అంతా శుభ్రమే." అత్తగారు చేతిసంచిలోంచి కలరా ఉండ తీసి చూపింది. "ప్రతి అలమరాలో ఇవే. దిండు కిందా ఇవే. మొన్న కోడలు ఏదో పట్టీ డబ్బాలో పెట్టుకుంటే, పురుగు పట్టకుండా నేనే మూత తీసి నాలుగు వేశాను."

కోడలు తలవంచుకుని జరిగినదంతా చెప్పేసింది.

"ఖాళీ పట్టీ మీ ఇంట్లో ఎందుకుంది?" అధికారి గద్దించాడు.

"బీరువా తాళంచెవి మీ దగ్గరే ఉందండీ. మీరు ఆ వారమంతా సెలవు."

అధికారి చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. ఉత్తర్వును మడిచి పక్కన పెట్టాడు.

చివరికి నలభై ఇళ్ళ లెక్కలోంచి కలరా ఉండల రసాయనం ఒక్కటే కొట్టేశారు. మిగిలినవాటిలో ఫ్యాక్టరీ వాటా కావలసినంత ఉంది. మేనేజరు ముఖం మళ్ళీ పాలిపోయింది. కోడలి ఉద్యోగం నిలిచింది. ఇంట్లో ఉండలన్నీ బయటికి పోయాయి.

నెల తిరిగాక ఒక ఉదయం అత్తగారి గదిలోంచి దగ్గు వినబడలేదు. కోడలు భయపడి పరిగెత్తింది. ఆవిడ హాయిగా నిద్రపోతోంది. కోడలు గుమ్మంలోనే కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

జబ్బూ, దాని కారణమూ ఒకేచోట దొరికిన మనిషి ఆ సర్వే మొత్తానికి ఒక్కరే. రికార్డుల ప్రకారం అలాంటి మనిషి లేరు.