బుజ్జిగాడి కోసం గాలింపు

నన్నడిగితే పోలీస్ స్టేషన్లన్నిటికీ తాళాలేసి, దర్యాప్తులన్నీ మన అపార్ట్‌మెంట్ గ్రూపులకు అప్పజెప్పెయ్యాలి! నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. పోలీసులకు ఆధారం కావాలి. మనకు అనుమానం చాలు. రెండింట్లో ఏది తొందరగా దొరుకుతుందో మీరే చెప్పండి!

మా బిల్డింగు సంగతే చూడండి. మొన్నొక మధ్యాహ్నం మూడో అంతస్తు నర్సుగారి కూతురు, ఒకటో క్లాసు పిల్ల, కనిపించకుండా పోయింది. తల్లి డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మమ్మ మాత్రమే ఉంది. "బుజ్జిగాడి దగ్గరికెళ్లొస్తా అందమ్మా. నిద్రమత్తులో ఊఁ అన్నాను" అని ఆ ముసలావిడ ఒకటే ఏడుపు.

ఎవడీ బుజ్జిగాడు? తల్లికీ తెలీదు, అమ్మమ్మకీ తెలీదు. కానీ గ్రూపుకి తెలియనిదంటూ ఉంటుందా! నర్సుగారు మేడ మీద వెతికి కిందికి దిగేలోపు వాడికి మా గ్రూపులో గడ్డం మొలిచింది, బైకొచ్చింది, పాత కేసులు కూడా వచ్చిపడ్డాయి. ఇన్సూరెన్స్ ఏజెంటైతే వాడి చేతిమీద పచ్చబొట్టుందన్నాడు. మీరెక్కడ చూశారండీ అంటే, "అలాంటివాళ్లకి ఉంటుంది కదండీ" అన్నాడు. ఇంతటి పరిశీలన ఏ ఇన్‌స్పెక్టరుకుంది?

ఇక బిల్డింగులో బుజ్జిగాళ్లెవరా అని ఆరా తీశాం. అమ్మబాబోయ్! ప్రతి ఫ్లోరుకీ ఒకడు బయటపడ్డాడు. బుర్రమీసాల రిటైర్డ్ హెడ్మాస్టరుగారిని వాళ్లావిడ ఇప్పటికీ "బుజ్జీ" అనే పిలుస్తుందట! పాపం, మధ్యాహ్నమంతా బాల్కనీలో గురకపెట్టానని ఆయన నిరూపించుకోవాల్సొచ్చింది. ఎదురింటివాళ్లు గురకకు సాక్ష్యం చెప్పాక వదిలేశాం. న్యాయమంటే న్యాయమే మరి.

ఇంతలో ఇస్త్రీ అతను గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు: "మెట్ల దగ్గర చెప్పు." అంతే! జనం బిలబిలమంటూ మెట్ల దగ్గరికెళ్లి, తోచింది ఒకరికొకరు చెప్పుకోవడం మొదలెట్టారు. కాసేపటికి ఇస్త్రీ అతను తల పట్టుకుని, "అయ్యా, మీరు చెప్పడం కాదు, కాలి చెప్పు! పాప చెప్పు!" అని అరిచాడు. అప్పటికి దాన్ని ఎవరో తొక్కేశారు, ఎవరో తీశారు, ఇంకెవరో ఫొటో బాగా రాదని తుడిచారు కూడా. నర్సుగారు ఫోన్ చేస్తే ఇన్‌స్పెక్టరుగారు వచ్చి ఆ చెప్పేదండీ అంటే చేతులు మారీ మారీ ఎటుపోయిందో తేలలేదు. పిల్ల తప్పిపోయిందని వస్తే ఆధారమూ తప్పిపోయింది. అయితేనేం, ఫొటో ఉందిగా! ఆయన మాత్రం, "కాస్త నోళ్లు మూసుకుని పక్కకి జరుగుతారా" అన్నారు. కుళ్లు కాకపోతే ఏమిటండీ అది?

నర్సుగారు కూడా అంతే. యూనిఫామైనా మార్చుకోలేదు, గొంతు పోయేలా పిల్లని పిలుస్తూ తిరుగుతోంది. "అన్నా, తలో వైపూ వెళ్లి వెతుకుదాం రండన్నా" అని మా కాళ్లావేళ్లా పడింది. "అమ్మా, మేం ఆ పనిలోనే ఉన్నాం" అని ఫోన్లోంచి తలెత్తకుండానే ధైర్యం చెప్పాం. ఇంతకన్నా ఇరుగుపొరుగు ఏం చెయ్యగలరు?

నేను ఊరుకున్నానా? సెల్లారులో పంపు రూము గుమ్మం కాస్త ఎత్తుగా, ఉపన్యాసానికి బాగుంటుంది. దానిమీదికెక్కి, "ఆ బుజ్జిగాడు నా చేతికి దొరకనీ, కాళ్లు రెండూ విరగ్గొట్టి మూలన పడేస్తాను!" అని గర్జించాను. చప్పట్లే చప్పట్లు! కొందరు వీడియో తీశారు. నా గొంతుకి సెల్లారు దద్దరిల్లిందని అందరూ మెచ్చుకున్నారు కూడా.

అంతలో ప్లంబరు గేట్లో అడుగుపెట్టాడు. ఎవడో పాత పరిచయం కొద్దీ, "ఏరా బుజ్జీ" అని పలకరించాడు. ఇంకేముంది! అందరం అటు పరుగో పరుగు! పైపు రెంచి పట్టుకుని నిలబడ్డ ఆ అమాయకుణ్ణి చుట్టుముట్టి పచ్చబొట్టు చూపించమన్నాం. "నాకు సూదంటేనే భయం బాబో" అని వాడు లబోదిబోమన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు వాణ్ణి మా చేతుల్లోంచి లాగడానికి రావాల్సొచ్చింది.

మేమంతా గేటు దగ్గరుండడంతో సెల్లారులో చప్పుడాగింది. మొత్తం దర్యాప్తులో మావల్ల జరిగిన మేలు అదొక్కటే. నడిచే ఓపిక లేక నర్సుగారు పంపు రూము గుమ్మం మీద కూలబడింది. లోపల్నుంచి చిన్న గొంతు, గుసగుసగా:

"అమ్మా, వాళ్లు వెళ్లిపోయారా?"

తలుపు గడియ లోపలే వేసుంది. పిల్లే లేచి తీసి, మళ్లీ మోటారు వెనక గోనెపట్టా మీదికి చేరి, గుప్పెడంత కుక్కపిల్లని ఒళ్లోకి తీసుకుంది. తల్లి కేక విని మేం తిరిగి పరిగెత్తుకొచ్చేసరికి పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నువ్వు పిలిచినప్పుడల్లా వద్దామనుకున్నానమ్మా. బుజ్జిగాడి కాళ్లు విరగ్గొడతామన్నారు. వాడేం చేశాడమ్మా? వాడికింకా కళ్లు కూడా తెరుచుకోలేదు."

నర్సుగారు పిల్లనీ కుక్కపిల్లనీ కలిపి గుండెకి హత్తుకుంది. నేను ముందుకెళ్లి, "చూశారా, గ్రూపు తల్చుకుంటే దొరకనిదంటూ ఉండదు!" అన్నాను. నా గొంతు వినగానే ఆ పిల్ల బుజ్జిగాణ్ణి గబుక్కున గౌను కింద దాచేసుకుంది.

ఇప్పటికీ నేను లిఫ్టెక్కితే ఆ పిల్ల మెట్లెక్కి పోతుంది. ఇంత పెద్ద దర్యాప్తులో అసలు దోషినెవరూ పట్టుకోలేదని ఎవరన్నారండీ? ఆ పిల్ల నన్ను గొంతు విని పట్టేసింది.