గుండ్యా గడప దాటిన వైనము

స్వస్తి! చైత్ర బహుళ పంచమీ భానువాసరమున, ప్రచండమార్తాండుడు షోలాపురమును రొట్టెల పెనమువలె కాల్చుచుండ, మగ్గములు సెలవు పుచ్చుకొన్న ద్వితీయప్రహరమున, ఘాడ్గేవారి గుమ్మమున జరిగిన మహాసంగ్రామము చెప్పెద, వినుడు.

గడప రాతిది. ఎత్తు జానెడు.

అవతల నిలిచినవాడు గుండ్యా. అష్టవారవయస్కుడు, మాతృపక్షమున వీధిశునకవంశసంజాతుడు, పితృపక్షమున ఏ బంగళావారి పొట్టికాళ్ళ దొరకుక్కయో దేవుని కెరుక, దీర్ఘకాయుడు, హ్రస్వపాదుడు, ఏకకర్ణోన్నతుడు. మురికికాలువ నుండి వానిని ఉద్ధరించి బుట్టలో తెచ్చినది అనాథశునకశరణాలయాధీశ్వరి మృణాల్ తాయి. ఆమె శాసన మొక్కటే: ఇంట ఏ ఒక్కరు కాదన్నను కుక్కపిల్ల వెనుకకు. ఇదివరకే రెండిళ్ళవారు త్రిప్పి పంపియుండిరి.

కోరి రప్పించినది కోడలు సునంద. కాదన్నది ఎనుబదేండ్ల అత్తగారు ముక్తాబాయి. కొడుకు వార్తాపత్రిక వెనుక దాగెను.

"మోతీ పోయినప్పుడు తొమ్మిది రోజులు ముద్ద దిగలేదు నాకు. మళ్ళీ కుక్కా? నా వల్ల కాదే!"

"వాడి ముఖం చూడండి ఆయీ ఒక్కసారి."

"చూడను. చూస్తే అయిపోయినట్టే."

అని, చూచి, ఆ వృద్ధసింహి గర్జించెను: "ఈ ఇంట్లోకి నేను నా కాళ్ళ మీద వచ్చాను. నువ్వు నీ కాళ్ళ మీద వచ్చావు. వాడూ అంతే. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. దాటాడా, ఉంటాడు. లేదా, బుట్టలోకి!"

అంతట రణము మొదలయ్యెను. తొలి దాడిలో గుండ్యా ముక్కు గడపకు తగిలెను. రెండవ దాడిలో ముందుకాళ్ళు దుర్గమెక్కెను, ఉదరభారము ఎక్కదయ్యెను. మూడవ దాడిలో వెల్లకిల పడి, నాలుగు పాదములు ఆకాశమునకు చూపెను. మృణాల్ తాయి బుట్ట మూత తీసెను. సునంద కన్నులు తుడుచుకొనెను.

"ఆగవమ్మా, అంత తొందరేం? గుమ్మంలో నిలబడ్డవాడికి దిష్టన్నా తియ్యొద్దా?" అని ముక్తాబాయి భాకరీతుకడా, చెంబెడు నీళ్ళు తెచ్చెను. ఆ జొన్నరొట్టె ముక్కను ముమ్మారు త్రిప్పి బయటికి విసరుట అచటి ఆచారము, వీధికుక్కలు తినును. పెండ్లికూతుండ్రకు, బాలింతలకు, ఊరినుండి వచ్చిన చుట్టములకు త్రిప్పి త్రిప్పి, అరువదేండ్లలో ఒక్కమారైనను గురి తప్పని చేయి అది.

ఆనాడు తప్పెను. తుకడా లోపల, నీళ్ళబిందె కడ పడెను.

ఘ్రాణేంద్రియమున రొట్టెవాసన సోకినంతనే, క్షుధాగ్నిప్రజ్వలితుడై, లాంగూలమును ధ్వజముగ నెత్తి, ఉదరభారమును తృణీకరించి, పొట్టికాళ్ళు నాలుగును ఒక్కటిగ తన్ని, గుండ్యా గడపపై బోర్లపడి, లోపలికి దొర్లి, లేచి, తుకడాను కబళించెను.

సునంద నోరు తెరిచెను. "ఆయీ, దిష్టి తుకడా లోపలికేశారేంటి? కుక్కలకని బయట కదా వేస్తాం!"

"మన కుక్క లోపలుంటే బయటెవరికి వెయ్యమంటావే?"

"మీరు విసిరినప్పుడు వాడింకా బయటే ఉన్నాడుగా!"

"నోరెక్కువైంది నీకు. పో, పాలు తే."

మృణాల్ తాయి ఖాళీబుట్ట చంక నిడి వెడలెను. విజేత ముక్తాబాయి కాలిచెప్పు మీద తల పెట్టి నిద్రించెను. ఆమె కాలు కదపలేదు.

జయము, జయము! జానెడు మేర జయము.