సజీవ ఆచారాల కౌంటరు

తాళాలాయన ఇంట్లోంచి కెటిల్ పోవడానికి కారణం మానవశాస్త్రం. ఇందులో రెండో అభిప్రాయానికి చోటు లేదు. వరద రాలేదు, దొంగలు పడలేదు, ఇల్లు అంటుకోలేదు. ఒక శాస్త్రం వచ్చింది. వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుంది. పోతూ పోతూ కెటిల్ పట్టుకుపోయింది.

మనిషి పొద్దున్నే పళ్ళు తోముకోవడం మొదలు రాత్రి దీపం ఆర్పేదాకా చేసే ప్రతి పనీ సంస్కృతేనని ఆ శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. చెప్పి ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ మాట ప్రభుత్వం చెవిన పడింది. సంస్కృతి అయితే అది ప్రజల సంపద. సంపద అయితే దానికో శాఖ ఉండాలి. శాఖ ఉంటే ఫారాలు ఉండక తప్పదు. అలా దైనందిన సంస్కృతి నమోదు శాఖ పుట్టింది. అప్పటిదాకా ఎవరి వంటింట్లో వాళ్ళు మనుషుల్లా బతుకుతున్నవాళ్ళు ఆ రోజునుంచి సమాచారదాతలయ్యారు.

తాళాలాయన ముప్పై తొమ్మిదేళ్ళు తాళాలు బాగుచేశాడు. పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. ఆ ఏడు తరగతుల్లో చెప్పనిది ఏదీ తనకు అవసరం లేదని ఆయన నమ్మకం. పిల్లల్లేరు. భార్య పోయి పద్నాలుగు నెలలైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరినీ ఆయన ఒక్కసారి రానిచ్చాడు. ఆయన మర్యాద చూశాక రెండోసారి ఎవరూ రాలేదు. శాఖ మాత్రం వచ్చింది.

వచ్చినావిడ పరిశీలకురాలు. మెడలో కార్డు, చేతిలో రెండు కలాలు (ఒకటి జరిగింది రాయడానికి, ఇంకొకటి దాని అర్థం రాయడానికి). ఆయనకూ పొయ్యికీ మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది.

"నన్ను లేననుకోండి పెద్దాయనా. మీ పని మీరు చేసుకోండి."

"లేననుకోవడం ఎందుకమ్మా, లేకుండానే ఉండొచ్చుగా?"

"కుదరదండీ. ఇరవై ఒక్క రోజులు ఇక్కడే ఉండి లేనట్టుండాలి. రూలు."

మొదటి మూడు రోజులు ఆయన అవసరానికి మించి నోరు విప్పలేదు. ఆవిడ "మౌనవ్రతమా?" అని రాసుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఆయన గరిటె కింద పడేసుకుంటే "నేలకు నివేదన" అని రాసింది. గరిటె జారిందని ఆయన చెప్పాడు. సమాచారదాతలు తమ ఆచారానికి తామే అడ్డమైన కారణాలూ చెబుతారని ఆవిడ ఎంతో ఓపిగ్గా వివరించింది.

నాలుగో రోజు పొద్దున ఆయన ఏమరుపాటున పొయ్యిమీది కెటిల్‌తో అన్నాడు, "నా కళ్ళద్దాలు ఎవరు సర్దేశారో కాస్త కనుక్కో."

ఆ ఒక్క మాటకు ఆవిడ తొమ్మిది పేజీలు రాసింది.

ఆ కెటిల్ సంగతి చెప్పాలి. అది సత్తుది. ఎడమ పక్క చొట్ట, మూతకు పిడి బదులు ఒక పాత తాళపుచెవి. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు తాళాలాయన అలవాటు కొద్దీ ఇంటికి బయటినుంచి తాళం పెట్టి పనికి పోయాడు. లోపల భార్య ఉంది. సాయంత్రం తలుపు తీసేసరికి ఆవిడ ఏడవలేదు, అరవలేదు. టీ కాస్తూ కెటిల్ వైపు తిరిగి, "మనుషుల్ని లోపలేసి తాళం వేసేవాళ్ళతో నాకు మాటల్లేవని చెప్పవే" అంది. ఆయన కూడా కెటిల్‌తోనే, "లోపలున్నవాళ్ళు పొద్దున్నే కేకేయచ్చుగా అని అడుగు" అన్నాడు.

కోపం వారం రోజుల్లో పోయింది. పద్ధతి ముప్పై ఆరేళ్ళు నిలిచింది. చొక్కా బొత్తాం ఊడిందన్న కబురు కెటిల్‌కే చేరేది. కుట్టి కొక్కేనికి తగిలించామన్న జవాబూ దానికే. వానొచ్చేలా ఉందనీ గొడుగు మర్చిపోవద్దనీ దానికే. ఎవరు ఎవరిమీద బెంగ పెట్టుకున్నా వినేది కెటిలే. భార్య పోయాక ఆయన మానలేదు. జవాబు రాదని తెలుసు. మునుపు కూడా సగం రోజులు వచ్చేది కాదు.

పరిశీలకురాలు ఫారం తీసింది.

"కెటిల్ మీకు దేవతా, పూర్వీకురాలా, ఇతరులా?"

"కెటిలమ్మా అది."

"ఇతరులు," అని టిక్కు పెట్టింది. "దీని ద్వారా మీరు ఎవరితో మాట్లాడతారు?"

"మా ఆవిడతో."

"ఆవిడ ఎక్కడున్నారు?"

తాళాలాయన గోడకున్న ఫోటో చూపించాడు. పరిశీలకురాలు నిజంగానే బాధపడింది. తర్వాత కలం మార్చింది.

నెల తిరక్కుండా నోటీసు వచ్చింది. నిబంధన పద్నాలుగు ప్రకారం ఒక పనిని ఒకరే చేస్తే అది అలవాటు. ఇద్దరు చేస్తే ఆచారం. ముగ్గురు చేస్తే దానికో సలహా సంఘం. కెటిల్ ద్వారా దంపతులు సంభాషించు ఆచారంలో ఒక భాగస్వామి మరణించినందున సదరు ఆచారం అంతరించినట్టు తీర్మానించడమైనది. అంతరించిన ఆచారం తాలూకు వస్తువును పదిహేను రోజుల్లోగా మ్యూజియానికి అప్పగించవలెను. దానికి అద్దాల పెట్టె, చిన్న దీపం, నాలుగు వాక్యాల లేబులు మంజూరయ్యాయి. (భార్య బతికుండగా ఆ వంటింటికి రెండో దీపం మంజూరు కాలేదు. అది ఆయన చేతిలో పని.)

తాళాలాయన నోటీసు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. మూడు కౌంటర్లు. సజీవ ఆచారాలు, అంతరించిన ఆచారాలు, కొనప్రాణంతో ఉన్నవి. మూడోదాని ముందు క్యూ మెట్లు దిగి రోడ్డెక్కింది. ఆయన మొదటిదాని వరసలో నిలబడ్డాడు. ఆయనకు ముందున్న మంగలి తన బాధ చెప్పుకున్నాడు.

"మా షాపులో 'రెండే నిమిషాలు, కూర్చోండి' అనడం ఆచారమని రాసేశారన్నా. నిన్న ఒకాయనకి నిజంగానే రెండు నిమిషాల్లో చేసి పంపించా. ఆచారభంగం అంట. కేసు."

"ఎక్కువసేపు కూర్చోబెట్టొచ్చుగా?"

"వాడికి ఉన్నవి నాలుగు వెంట్రుకలన్నా!"

సజీవ ఆచారాల ఉపసంచాలకుడు మర్యాదస్తుడు. తాళాలాయనకు కుర్చీ చూపించి తను నిలబడ్డాడు (రెండో కుర్చీ మ్యూజియానికి వెళ్ళింది).

"ఆ కెటిల్ నాక్కావాలండీ. ఇంట్లో నేను మాట్లాడేది దాంతోనే. అది పోతే పలికే దిక్కులేదు."

"అర్థమైంది. మీ బాధని నమోదు చేస్తాం. కానీ భాగస్వామి లేరు కదా."

"ఇంకొకరిని తీసుకొస్తే?"

ఉపసంచాలకుడు పుస్తకం తిరగేశాడు. పోయినవారి రక్తసంబంధీకులు ఎవరైనా ఆ స్థానంలో నిలబడవచ్చు. అధికారి సమక్షంలో ఆచారాన్ని మూడు విడతలు నిర్వహించి చూపాలి. చూపితే ఆచారం సజీవం, కెటిల్ ఆయనదే, పైగా తలుపుకో ఫలకం.

భార్యకు మిగిలిన రక్తసంబంధం ఒక్కటే. చెల్లెలు. పాత బస్టాండు వెనక కుట్టుపని చేస్తుంది. అంత్యక్రియల రోజు తర్వాత ఆమె బావతో మాట్లాడలేదు. ఎందుకో ఆయన అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

ఆయన వెళ్ళి కుట్టుమిషను ముందు నిలబడి విషయం చెప్పాడు. మరదలు మిషను ఆపకుండానే విన్నది. పళ్ళతో దారం తెంపింది.

"వస్తాను బావా."

ఆయన తత్తరపడ్డాడు. "ఇంత తేలిగ్గా ఒప్పుకుంటావనుకోలేదు."

"నీకోసం కాదులే. ఆ కెటిల్‌తో నాకూ ఒక మాట ఉంది."

పదమూడో రోజు ఉదయం పది గంటలకు పరిశీలన. పరిశీలకురాలు స్టూలు మీద, ఉపసంచాలకుడు గుమ్మంలో స్టాప్‌వాచీతో. జవాబుకు గడువు ఒక నిమిషం. భాగస్వాములు ఒకరి ముఖం ఒకరు చూసుకోరాదు. సహజంగా ఉండాలి. కెటిల్ పొయ్యిమీద పెట్టారు. తాళాలాయన రాత్రి చూసిపెట్టుకున్న మాట అప్పజెప్పాడు.

"టీలో చక్కెర తక్కువైందని చెప్పు."

మరదలు కెటిల్ వైపు తిరిగింది. "చక్కెర డబ్బా చేతికందే చోటే ఉంది, వేసుకోమను. మా అక్క ముప్పై ఆరేళ్ళు అందించిందిగా, చేతులు మొద్దుబారుంటాయి."

"ఒకటి," అన్నాడు ఉపసంచాలకుడు. పరిశీలకురాలు మెచ్చుకోలుగా తలూపింది. ఇంత సహజమైన నిర్వహణ జిల్లా మొత్తంలో లేదు.

"కొందరి నాలుక కత్తెరకన్నా పదునని చెప్పు," అన్నాడు తాళాలాయన. ఇది చూసిపెట్టుకున్నది కాదు. వేడెక్కాడు. పద్నాలుగు నెలల తర్వాత కెటిల్ వైపునుంచి జవాబు వచ్చేసరికి ఆయనకు తెలియకుండానే ఒంట్లో కాస్త జీవం వచ్చింది.

"కత్తెర పదునుండేది కోయడానికే. తాళం కప్పల్లాంటి నోళ్ళకంటే నయమని చెప్పవే."

"రెండు."

ఇంకొక్కటే. కెటిల్ ఆయనదైపోయినట్టే. తాళాలాయన మాట వెతుక్కుంటుండగా మరదలు ఆయన వంతు కూడా తనే తీసుకుంది. గొంతు పెంచలేదు.

"ఏమే కెటిలూ. ఆ రోజు పొద్దున మా అక్క నాకు ఫోన్ చేసింది. గుండెల్లో పట్టేసినట్టుందే అంది. బావకు చెప్పావా అన్నాను. 'కెటిల్‌కి చెప్పాను, ఆయన దానికే ఏదో జవాబిచ్చి పనికెళ్ళాడు' అంది. ఏం జవాబని అడిగాను, నవ్వి పెట్టేసింది. నేను వచ్చేసరికి మనిషి లేదు. పద్నాలుగు నెలలుగా అదే నన్ను తినేస్తోంది. ఏం జవాబిచ్చాడో అడిగి చెప్పు."

నీళ్ళు మరగడం మొదలైంది. ఉపసంచాలకుడు వాచీ నొక్కాడు.

తాళాలాయన కెటిల్ వైపు చూశాడు. పదిహేను సెకన్లు. ముప్పై. ఇంకో ఇరవై సెకన్లు పోయాక ఆయన వెనక్కి తిరిగి మరదలి ముఖంలోకి చూశాడు.

"'డాక్టరు కావాలనుకునేవాళ్ళు నోరు తెరిచి నాతోనే అడగొచ్చు' అన్నానమ్మా. అని బయటికెళ్ళాను. అడుగుతుందేమోనని గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాను. అడగలేదు. వెళ్ళిపోయాను."

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొయ్యి ఆర్పింది.

పరిశీలకురాలి కలం ఆగింది. ఏ కలమో ఆవిడకూ తెలియనట్టుంది. ఉపసంచాలకుడు మాత్రం పుస్తకం చూసి, చాలా మృదువుగా గొంతు సవరించుకున్నాడు.

"సమయంలోపే చెప్పారండీ, అందులో ఇబ్బంది లేదు. కానీ మీరు కెటిల్ వైపు తిరగలేదు. మనిషితో నేరుగా చెప్పారు. మూడో విడత చెల్లదు."

"అయితే?"

"ఏం లేదు పెద్దాయనా," అంది పరిశీలకురాలు. ఆయనకు మేలు జరగాలనే ఆవిడ ఆరాటం. "అదే మాట. ఒక్కసారి కెటిల్‌తో చెప్పేయండి. నాలుగు సెకన్ల పని. కెటిల్ మీకే ఉండిపోతుంది."

తాళాలాయన కెటిల్ దించాడు. నీళ్ళు ఒంపేశాడు. బయటా లోపలా గుడ్డతో తుడిచాడు. మూత పెట్టి ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఉపసంచాలకుడు రసీదు రాశాడు. ఆచారం అంతరించిన కారణం అన్న గడిలో "భాగస్వామి మనిషితో మాట్లాడాడు" అని నింపి, సంతకం చేయించుకున్నాడు.

గుమ్మం దాటబోతూ పరిశీలకురాలు ఆగింది.

"లేబులు మీద ఆఖరి సంభాషణ రాయాలండీ. ఇందాకటిది నేను పూర్తిగా రాసుకోలేకపోయాను. ఇంకొక్కసారి చెబుతారా?"

"చెప్పను," అన్నాడు తాళాలాయన. "నీకే కాదు, ఎవరికీ చెప్పను. బతికున్నంతకాలం ఆ మాట ఎత్తను."