గంభీర లాప్‌టాప్‌కి మఖమల్ ముసుగు

"మేం లెక్కగట్టిన చోట వేడికి ప్రవేశం లేదు!"

ఆ ఆఫీసు గుమ్మం మీద బంగారు రంగు అక్షరాల్లో మెరిసే ప్రకటన ఇది. కట్టబోయే హాళ్ళలో గాలి ఎటు వీస్తుందో, ఎక్కడ ఉక్కపోస్తుందో ముందే కంప్యూటర్లో నడిపి చూపించడం వాళ్ళ పని. దాన్నే సిమ్యులేషన్ అంటారు. తీరా ఆ గుమ్మం దాటి వెళితే, ఏసీ ఒక్క డైరెక్టరు గారి గదిలోనే ఉంటుంది. గుమాస్తా బల్ల మీద ఒక టేబుల్ ఫ్యాను తిరుగుతుంది. మిగతావాళ్ళంతా అట్టముక్కలతో విసురుకుంటూ ఊళ్ళోవాళ్ళ ఉక్కపోత తీరుస్తుంటారు.

సిమ్యులేషన్ నడిపే ఇంజనీరుని అందరూ గాలమ్మాయి అంటారు. ఆమె పని తట్టుకునే యంత్రం కోసం వెతికితే, చివరికి దొరికింది కంప్యూటర్ ఆటల కోసం చేసిన ఒక గేమింగ్ లాప్‌టాప్. మూత మీద నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ, మీటల కింద ఎర్రదీపాలు. అది చూసి డైరెక్టరు గారికి తల కొట్టేసినట్టయింది.

"గేమింగ్ అన్న మాట ఈ ఆఫీసులో వినబడకూడదు. ఎవరైనా అడిగితే గంభీర లాప్‌టాప్ అని చెప్పండి," అన్నారు గంభీరంగా.

అంతటితో ఆగారా? ఎర్రదీపాలు ఆర్పించారు. తెర, మీటలు తప్ప దాని ఒళ్ళంతా కప్పేలా వాళ్ళావిడ చేత మఖమల్ ముసుగు కుట్టించుకొచ్చారు. డ్రాగన్‌తో పాటు వేడిగాలి బయటికి పోయే కంతలు కూడా దాని కింద భద్రంగా మూసుకుపోయాయి.

"దీనికి ఊపిరాడదు సార్," అంది గాలమ్మాయి.

"మన పరువుకి ఊపిరాడుతుందిగా," అన్నారాయన.

పైగా ఆ లాప్‌టాప్ మీద ఆయనకి ఎక్కడలేని జాలి. రోజూ భోజనాల వేళ "పాపం, కాసేపు చల్లబడనీ" అంటూ దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని తన ఏసీ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకునేవారు. విచిత్రమేమిటంటే, అది వెళ్ళినప్పటికన్నా వేడిగా తిరిగొచ్చేది. గాలి గురించి అంత చదివిన గాలమ్మాయికి కూడా ఈ శాస్త్రం అంతుపట్టలేదు.

ఆమె అసలు దిగులు వేరే. కొత్త సినిమా థియేటరు కట్టిస్తున్న ఓనరు గారు ఆ రోజు సిమ్యులేషన్ చూడటానికి వస్తున్నారు. సవ్యంగా నడిస్తే ఆమె ఉద్యోగం పర్మనెంట్. మధ్యలో ఆగిపోతే ఇక ఇంటికే. ఈ సంగతి డైరెక్టరు గారు పొద్దున్నే తాపీగా చెప్పారు.

భోజనాలయ్యాయి. లాప్‌టాప్ యథాప్రకారం చల్లబడి, అంటే సలసల కాగుతూ, ఆమె చేతికొచ్చింది. ఓనరు గారు వచ్చి ఏసీ గదిలో కూర్చున్నారు.

"ఇంత కుర్రకారుని పెట్టుకున్నారు, కంప్యూటర్లలో ఆటలాడరు కదా? ఆటలంటే నాకు ఒళ్ళుమంట," అన్నారు.

"ఆ జాడ్యం మా గడప తొక్కదండి," అన్నారు డైరెక్టరు గారు.

గాలమ్మాయి లాప్‌టాప్‌ని ఆ గది గోడ మీది పెద్ద తెరకి కలపగానే థియేటరు కనిపించింది. గాలి నీలం గీతలుగా ముందు వరసల మీదుగా పాకింది. మధ్య వరసలకి వచ్చేసరికి లాప్‌టాప్ రొప్పసాగింది. బాల్కనీ ఎక్కబోతూ టప్పున ఆరిపోయింది.

"అమ్మాయికి అనుభవం చాలదండి. రేపటి నుంచి వేరే మనిషిని పెడతాం," అన్నారు డైరెక్టరు గారు క్షణం ఆలోచించకుండా.

గాలమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క గుంజు గుంజి ముసుగు ఊడలాగింది. అడుగున రెండు పక్కలా రబ్బరు ముక్కలు పెట్టి ఎత్తుచేసి, గుమాస్తా బల్ల మీది టేబుల్ ఫ్యాను తెచ్చి దాని వైపు తిప్పి, మళ్ళీ ఆన్ చేసింది.

లాప్‌టాప్ లేచింది. లేస్తూనే పెద్ద తెర నిండా అక్షరాలు పరిచింది.

"నల్లతోడేలు గారూ, స్వాగతం! మధ్యాహ్నం మీరు సగంలో వదిలేసిన యుద్ధం మీ కోసం ఎదురుచూస్తోంది!"

ఏసీ గదిలో లాప్‌టాప్ ఎందుకు వేడెక్కేదో గాలమ్మాయికి అప్పటికి బోధపడింది.

"ఇదేదో వైరస్ అనుకుంటానండీ..." అని డైరెక్టరు గారు గొణుగుతుండగానే ఓనరు గారు కుర్చీలోంచి లేచారు.

"నల్లతోడేలువి నువ్వేనా? నిన్న మధ్యాహ్నం నా కోట తగలబెట్టింది నువ్వేనా?"

నోరు జారాక గానీ తానేమన్నారో ఆయనకి తెలియలేదు. మెల్లగా కూర్చున్నారు.

"సిమ్యులేషన్ నడపమంటారా సార్?" అంది గాలమ్మాయి.

"నడుపమ్మా, నడుపు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మరి నా ఉద్యోగం?"

"ఈ రోజు నుంచే పర్మనెంట్," అన్నారు డైరెక్టరు గారు గోడకేసి చూస్తూ.

ఈసారి లాప్‌టాప్ హాయిగా గాలి పీల్చుకుంటూ నడిచింది. తెర మీద చల్లగాలి బాల్కనీ చివరి సీటు దాకా చేరింది. ఏసీ గదిలో పెద్దమనుషులిద్దరికీ మాత్రం ధారగా చెమటలు పోశాయి. డైరెక్టరు గారు బల్ల మీద పడున్న మఖమల్ ముసుగుతో ముఖం తుడుచుకుని, దాన్ని మర్యాదగా ఓనరు గారికి అందించారు.