నూట నాలుగు శాతం శుభ్రం

ఓడల్లోంచి చిందే నూనె బారినుంచి ఇకమీదట సముద్రాన్ని పిల్లలే కాపాడతారని మంత్రిగారు ప్రకటించారు. పెద్దవాళ్లకు వేరే పనులున్నాయి కాబట్టి ఇది సబబైన నిర్ణయమేనని పత్రికలన్నీ రాశాయి. మూడో రోజుకల్లా ప్రతి బడికీ ఒక ప్లాస్టిక్ టబ్బు, ముప్ఫై స్పాంజి ముక్కలు, ఒక కొలత జాడీ, నాలుగు పేజీల ఫారం వచ్చేశాయి. నీళ్లలో పోసి తీయడానికి నూనె మాత్రం బడివాళ్లే తెచ్చుకోవాలి.

రేవు పక్కనున్న బడిలో ఆ టబ్బు సైన్స్ టీచర్ వంతుకు వచ్చింది. ఆమె ఆరేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఆమెను పర్మినెంట్ చేసే ఫైలు విద్యాధికారి గారి బల్ల మీద ఎప్పటినుంచో ఉంది. ఫ్యాను గాలికి మిగతా కాగితాలు ఎగిరిపోకుండా దాన్నే వాటి మీద పెట్టేవారు. అంత ముఖ్యమైన ఫైలు.

టీచర్ పాఠం శ్రద్ధగా చెప్పింది. టబ్బు నిండా నీళ్లు పోయించి, మెకానిక్‌ని అడిగి తెచ్చిన నల్లటి ఇంజన్ ఆయిల్ ఒక్క చెంచా అందులో వేసింది. ఆరో తరగతి పిల్లలు ముప్ఫై మంది చొక్కా చేతులు పైకి మడుచుకుని గంటన్నర సేపు దాన్ని తీశారు. స్పాంజీలు అయ్యాయి, దూది అయింది, బోర్డు తుడిచే గుడ్డ కూడా అయింది. నీళ్ల మీద రంగురంగుల పొర మాత్రం అలాగే మెరుస్తూ ఉంది.

"పోవట్లేదు టీచర్," అంది వెనక బెంచీ పిల్ల. వాళ్ల నాన్న రేవులో వల వేస్తాడు. ఏ పాఠానికైనా నాలుగు ప్రశ్నలు వేస్తుంది కాబట్టి ఆ పిల్లని బళ్లో అందరూ ప్రశ్నలమ్మ అంటారు.

"పోదు. ఇవాళ్టి పాఠం అదే."

"మరి ఈ నీళ్లు ఎక్కడ పారబోయాలి?"

టీచర్ కిటికీలోంచి కాలవ వైపు చూసింది. కాలవ వెళ్లి రేవులోనే కలుస్తుంది. ఇంకేం తోచక టబ్బుని గది మూలకి జరిపించింది. ఫారంలో ఉన్నదున్నట్టు రాసింది: చిందిన నూనె ఒక చెంచా, తీసిన నూనె సుమారు అర చెంచా.

ఫారం పంపిన నాలుగో రోజు విద్యాధికారి పిలిపించారు.

"ఏంటమ్మా ఇది? మిగతా అర చెంచా ఏమైంది?"

"నీళ్లలోనే ఉంది సార్. చిందిన నూనె పూర్తిగా వెనక్కి రాదు. పిల్లలకి చెప్పాల్సింది అదే కదా."

"పిల్లలకి చెప్పుకో, ఎవరొద్దన్నారు? ఫారానికి చెప్పకు. పక్క వీధి బడి చూడు, నూట పది శాతం తీశారు."

"వేసినదానికంటే ఎక్కువ ఎలా వస్తుంది సార్?"

"స్పాంజీలు పిండారు, జాడీలో కొలిచారు, వచ్చింది."

"అందులో నీళ్లు కూడా ఉంటాయి కదండీ?"

అధికారి ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "నీళ్లకి కాలమ్ లేదమ్మా."

ఆయన దయగల మనిషి. ఆమెకి శ్రమ లేకుండా ఆ అంకె తానే దిద్దారు. అన్ని బళ్లూ కలిపి చూస్తే సగటు నూట ముప్ఫై వచ్చింది. మంత్రిగారికి గొప్పలు చెప్పుకోవడం గిట్టదు కనుక కార్యాలయంలో దాన్ని నూట నాలుగుకి తగ్గించారు.

అయినా మంత్రిగారు పొంగిపోయారు. ఇంత సామర్థ్యం టబ్బులకే పరిమితం కావడం అన్యాయమన్నారు. వచ్చే సోమవారం కెమెరాల ఎదుట, అసలు సముద్రంలో, రెండు వందల లీటర్ల నూనె డ్రమ్ము ఆయనే స్వహస్తాలతో ఒంపుతారు. రేవు పక్క బడి పిల్లలు తీస్తారు.

టీచర్ చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే అధికారి దగ్గరికి పరిగెత్తింది.

"ఒంపనివ్వకండి సార్. చేపపిల్లలు బతకవు. మా పిల్లల్లో సగం మంది ఇళ్లల్లో పొయ్యి వెలిగేది ఆ నీళ్ల మీదే."

"తీసేస్తారుగా?"

"తీయలేరు సార్!"

"నూట నాలుగు శాతం తీస్తారని నేను సంతకం పెట్టానమ్మా. ఇప్పుడు తీయలేరంటే నా సంతకం ఏం కావాలి?" ఆయన ఆమె ఫైలు మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు. "సోమవారం బాగా జరిగితే సాయంత్రం దీని సంగతి చూస్తాను."

శనివారం మధ్యాహ్నం టీచర్ ఆ డ్రమ్ము ఉంచిన సర్కారు గోదాముకి వెళ్లింది. స్టోర్ కీపర్ డ్రమ్ము మూత మీదే క్యారేజీ పెట్టుకుని భోంచేస్తున్నాడు.

"అన్నా, ఒక్క సాయం చెయ్యి. దీంట్లో నూనె తీసేసి నల్లరంగు నీళ్లు పోద్దాం. ఏమొచ్చినా నా నెత్తిన వేసుకుంటాను."

స్టోర్ కీపర్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. లేచి తలుపు వేసొచ్చాడు. "నీకెవరు చెప్పారు చెల్లెమ్మా?"

"ఏమని?"

"పోసినట్టు."

ఆమె క్యారేజీ పక్కకి జరిపి, మూత తీసి, వేలు ముంచింది. నల్లగా అంటింది కానీ జిడ్డు లేదు. సిరా వాసన.

"నూనె గురువారమే లారీవాడు పట్టుకెళ్లాడు. పిల్లలు గలవాణ్ణమ్మా, నలుగురి నోట్లో పడేయకు."

టీచర్ జీవితంలో మొదటిసారి ఒక దొంగకి రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఇంత సర్వీసులో తనకి ఇలాంటి మర్యాద ఎన్నడూ జరగలేదని స్టోర్ కీపర్ కళ్లు తుడుచుకున్నాడు.

సోమవారం మంత్రిగారు డ్రమ్ము ఒంపారు. నీళ్లు నల్లబడ్డాయి. రెండు అలలు వచ్చి వెళ్లాయి. పిల్లలు గ్లవ్స్ తొడుక్కుని మోకాలి లోతుకి దిగేసరికి సముద్రం మామూలుగా ఉంది.

"తీయడానికి ఏమీ లేదేంటి టీచర్?" అంది ప్రశ్నలమ్మ.

"నోరు మూసుకుని నిలబడు తల్లీ," అంది టీచర్. ఒక ప్రశ్నకి ఆమె అలా జవాబు చెప్పడం అదే మొదలు.

అధికారి గడియారం చూసి నాలుగు నిమిషాలని ప్రకటించారు. మంత్రిగారు మైకు లాక్కున్నారు. "పిల్లలు చెయ్యి కూడా పెట్టలేదు! వాళ్లని చూసే పారిపోయింది!" అన్నారు. చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది టీచరే. సాయంత్రానికి ఫైలు మీద సంతకం అయిపోయింది. కాగితాల మీద పెట్టడానికి అధికారి మర్నాడు ఒక రాయి వెతుక్కోవలసి వచ్చింది.

నాలుగు నిమిషాల్లో పోయే నూనెకి అంత హంగామా దేనికని మంత్రివర్గం ఆలోచించింది. రేవులో నూనె తీసే పడవకి సోఫాలు వేయించి అతిథుల విహారానికి కేటాయించారు. ఆ పని నేర్చిన పద్దెనిమిది మందిని పార్కులో మొక్కలకు నీళ్లు పోయడానికి పంపారు.

రెండు నెలల తరవాత, రెండో పీరియడ్‌లో, టీచర్ ఫోన్ మోగింది.

"శుభవార్తమ్మా," అన్నారు అధికారి. "రేవు బయట నూనె ఓడ పగిలింది. మీ పిల్లలకి అసలైన అవకాశం. స్పాంజీలు తీసుకుని వచ్చేయండి."

"ఎంత చిందింది సార్?"

"నాలుగు వందల టన్నులు."

గది మూల టబ్బులో ఆ పొర ఇంకా రంగులు తిరుగుతూనే ఉంది. ప్రశ్నలమ్మ అప్పటికే కిటికీ దగ్గరికి వెళ్లి ముక్కు మూసుకుంది.

టీచర్ గోడకి ఆనుకుంది. "సార్, ఆ రోజు డ్రమ్ములో ఉన్నది నూనె కాదు. సిరా నీళ్లు. నాకు ముందే తెలుసు."

"ఫారంలో నూనె అనే ఉంది కదమ్మా, అదెందుకిప్పుడు? నా కంగారు వేరు. నాలుగు వందలకి నూట నాలుగు శాతమంటే నాలుగు వందల పదహారు. ఆ ఎక్కువొచ్చే పదహారు టన్నులు ఎక్కడ పెడదామో తొందరగా చెప్పు, డ్రమ్ములకి ఆర్డర్ ఇవ్వాలి."