ప్రీస్కూలు సీటూ, రెండు గుడ్డబొమ్మలూ

పరాయి దేశంలో కాపురం పెట్టిన మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు కరువు కాకుండా ఉండాలంటే ప్రీస్కూలును మించిన దివ్యౌషధం లేదు! నమ్మరా? అయితే లిఫ్టుల ఇంజనీరు ఇంటి సంగతి వినండి.

ఆయన పగలంతా ఎత్తయిన మేడల్లో లిఫ్టులు ఆగిపోకుండా చూసేవాడు. ఆవిడ కళ్లద్దాల షాపులో జనానికి అక్షరాలు చూపించి చదివించేది. సాయంత్రం ఇంటికి చేరాక ఎవరి సోఫా వారిది, ఎవరి ఫోను వారిది. ఈలోగా పాపకి నాలుగో ఏడు వచ్చింది. దేవుడున్నాడు!

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాటకు లోటు లేదు.

"ఇంటర్నేషనల్ స్కూల్లో వేద్దాం. రేపు కంపెనీ ఇంకో దేశానికి తోలేస్తే? ఇంగ్లీషొక్కటే మనతో వస్తుంది" అనేవాడు ఆయన.

"రెండు భాషలూ నేర్పే బైలింగ్వల్ బళ్లో వేద్దాం. పార్కులో పిల్లలు ఆటకి పిలుస్తుంటే దిక్కులు చూస్తోందండీ. ఈ ఊరి భాష వద్దూ?" అనేది ఆవిడ.

ఎంత చక్కటి సంభాషణ! కంచాలు చల్లారిపోయేదాకా సాగేది.

పోనీ, పాపని అడగొచ్చుగా? అదేం మాట! ముందు ప్రిపరేషన్ కావాలి. నాన్న పాపతో ఇంగ్లీషులోనే మాట్లాడాలనీ, అమ్మ యాప్‌లో నేర్చుకున్న ఆ ఊరి భాషలోనే మాట్లాడాలనీ ఒప్పందం కుదిరింది. పాప కూడా సహకరించింది. మాట్లాడటం మానేసింది.

"కాన్సంట్రేషన్ పెరిగింది" అని ఆయన మురిసిపోయాడు. ఆవిడ మాత్రం మాటిమాటికీ పాప నుదురు తడిమి, జ్వరమేమోనని చూసుకునేది.

ముందుగా బైలింగ్వల్ బడి నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్లిద్దరూ మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. ప్రిన్సిపాల్ ఇంగ్లీషులో పలకరించింది. పాప పలకలేదు. పక్కనున్న టీచరమ్మ ఆ ఊరి భాషలో పలకరించింది. ఊహూఁ! చివరికి ప్రిన్సిపాల్ రెండు గుడ్డబొమ్మలు చేతికిచ్చి ఆడుకోమంది.

పాప బొమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టింది. గొంతు సవరించుకుంది.

"నీకేం తెలుసని మాట్లాడతావ్?" అంది మొదటి బొమ్మ.

"అవునవును, అన్నీ మీకే తెలుసు! నా మాట ఎప్పుడు విన్నారు గనక?" అంది రెండోది.

"నీతో మాట్లాడటం నాదే బుద్ధితక్కువ!"

"మెల్లగా! పాప వింటోంది!"

ఒక్క ఒత్తు జారలేదు. చెయ్యి తిప్పడం అచ్చం వాళ్లమ్మది, పళ్లు కొరకడం వాళ్ల నాన్నది. ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టేసింది.

"ఎంత బాగా మాట్లాడుతోంది! ఇది ఏ భాష? ఏం చెబుతోంది?"

ఇంజనీరు చెమట తుడుచుకున్నాడు. "మా భాషేనండీ. రెండు పిట్టలు గూడు కట్టుకుంటున్నాయట."

"పిట్టలకి అంత కోపమెందుకు?"

"చోటు కుదరక" అంది ఆవిడ, తలెత్తకుండా.

సీటు వచ్చింది. మూడో భాషలో పాప ప్రతిభ అమోఘమని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు కూడా! చూశారా, పాఠకులారా? యాప్ లేదు, ట్యూషన్ లేదు, తెలుగు ఎంత ధారగా వచ్చేసిందో! ఇంట్లో దాన్ని పోట్లాటకి తప్ప ఇంకెందుకూ వాడని పుణ్యం కాదూ?

బయటికొచ్చి ముగ్గురూ బస్‌స్టాపులో నిలబడ్డారు. ఉన్నట్టుండి ఇంజనీరు పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని, మెత్తగా, "కాళ్లు నొప్పులా తల్లీ? ఎత్తుకోనా?" అన్నాడు. ఎన్నాళ్లకో, తెలుగులో.

పాప ఆయన మొహంలోకి చూసింది. వాళ్లమ్మకేసి చూసింది. బెదురుతూ అడిగింది:

"నాన్నా, ఇప్పుడు ఎవరితో పోట్లాడుతున్నావు?"